అర్జీదారుడి నిఘంటువు

షోలాపూర్‌లో తూర్పు పేటలన్నిటినీ కలిపి అక్కడి జనం పూర్వభాగం అంటారు. అశోక్ చౌక్ ఆ భాగంలోదే. మరాఠీ బోర్డుల కింద తెలుగు మాటలు, పవర్‌లూమ్‌ల చప్పుడు, చేటలో తునికాకు పెట్టుకుని బీడీలు చుట్టే ఆడవాళ్ళు. కరీంనగర్, వరంగల్, నల్లగొండ, పాలమూరు వైపుల నుంచి పద్మశాలీలు తరతరాలుగా ఇక్కడికి వలస వచ్చారు. 1870లలో మొదలైన జూనీ మిల్లు, ఆ తర్వాత లేచిన ఇతర మిల్లులు, చాదర్లు నేసే కార్ఖానాలు వాళ్ళను పిలిచాయి. మార్కండేయుడి గుడి కట్టుకున్నారు, బడులు పెట్టుకున్నారు, సహకార ఆసుపత్రి పెట్టుకున్నారు. భాషను కూడా మూడుగా పంచుకున్నారు: ఇంట్లో తెలుగు, బజారులో సగం సగం, కచేరీలో పూర్తిగా మరాఠీ.

ఆ మూడో భాషలో పనితనం చూపే మనుషులను గురించే ఈ వ్యాసం. వాళ్ళకు ఒక పేరంటూ లేదు. అర్జీలు రాసేటాయన అంటారు, ఫారాలు నింపే పిల్ల అంటారు, యూనియన్ ఆఫీసు అన్న అంటారు. ఒకరు రిటైరైన బడిపంతులు, ఒకరు మూతబడ్డ మిల్లులో గుమాస్తా చేసినవాడు, ఒకరు సేవా కేంద్రంలో కంప్యూటర్ ముందు కూర్చునే ఇరవై ఏళ్ళ అమ్మాయి. ఇంట్లో మరాఠీ మీడియంలో పది పాసైన మొదటి పిల్ల ఉంటే, గల్లీ మొత్తానికి ఆ పిల్లే రాతగత్తె. వీళ్ళందరి నోళ్ళలో కలిపి ఒక నిఘంటువు ఉంది. అది ఎక్కడా అచ్చు కాలేదు. నా దృష్టిలో మాత్రం అది గొప్పవాళ్ళు కూర్చిన నిఘంటువుల పక్కన నిలబడగలిగినది.

ఆ నిఘంటువుకు అకారాది క్రమం లేదు. మాటలన్నీ పని ప్రకారం కట్టలు కట్టి ఉంటాయి. పిల్లను ఇంజనీరింగులో చేర్చాలి అన్నారనుకోండి, ఒక కట్ట విప్పుతారు: శాళా సోడల్యాచా దాఖలా (బడి వదిలిన సర్టిఫికెట్), ఉత్పన్నాచా దాఖలా (ఆదాయ పత్రం), అధివాస్ (స్థిరనివాసం), జాతీచా దాఖలా, నాన్ క్రిమిలేయర్, చివరికి జాత్ పడతాళణీ, అంటే కుల ధ్రువీకరణ పరిశీలన. తండ్రి పోయాక ఇంటి పన్ను కొడుకు పేరు మీదికి మార్చాలి అంటే ఇంకో కట్ట: మృత్యూ దాఖలా, వారస్ నోంద్ (వారసుల నమోదు), మిళకత్ కర్ (ఆస్తి పన్ను), పావతీ. రసీదును మరాఠీలో పావతీ అంటారు. ఆ ఒక్క మాట రాకపోతే డబ్బు కట్టి కూడా రుజువు లేకుండా ఇంటికి రావలసి వస్తుంది. అందుకని ఏ కట్ట విప్పినా చివర్న ఆ మాట ఉంటుంది. ‘పావతీ తీసుకున్నవా అక్కా?’ అని అడగనిదే పంపరు.

ఇలా పని ప్రకారం మాటలు కూర్చడం ఈ మరాఠీ నేలమీద కొత్త సంగతి కాదు. 1674లో రాయగడంలో పట్టాభిషేకమైన శివాజీ, రాజ్యవ్యవహారంలో పాతుకుపోయిన పారసీ మాటలకు సంస్కృత మాటలు కూర్చమని రఘునాథ నారాయణ హణమంతే అనే పండితుడికి పురమాయించాడు. ఆ పని ఫలితమే రాజ్యవ్యవహారకోశం. దాదాపు 1,400 మాటలు, అమరకోశం ఫక్కీలో శ్లోకాలుగా, పది వర్గాలుగా ఉంటాయి: రాజవర్గం, కార్యస్థానవర్గం, భోగ్యవర్గం, శస్త్రవర్గం, చతురంగవర్గం, సామంతవర్గం, దుర్గవర్గం, లేఖనవర్గం, జనపదవర్గం, పణ్యవర్గం. పేష్వా ప్రధానుడయ్యాడు. మజుందారు అమాత్యుడు, సుర్నీసు సచివుడు, డబీరు సుమంతుడు, సర్‌నౌబత్ సేనాపతి అయ్యారు.

ఆ వర్గాల వరస దగ్గర కాసేపు ఆగాలనిపిస్తుంది. కోటలో పని చేసేవాడికి కావలసిన మాటలు దుర్గవర్గంలో ఒక్కచోట దొరుకుతాయి. కలం పట్టేవాడు లేఖనవర్గం వల్లె వేస్తే చాలు, బజారు పన్ను చూసేవాడు పణ్యవర్గం వల్లె వేస్తే చాలు. మనకూ ఈ పద్ధతి తెలిసిందే. పైడిపాటి లక్ష్మణకవి ఆంధ్రనామసంగ్రహాన్ని దేవ, మానవ, స్థావర, తిర్యక్, నానార్థ వర్గాలుగానే కూర్చాడు. మాట ఒంటరిగా వస్తే నిలవదు, దాని చుట్టూ ఉండే మాటలతో కలిసి వస్తే నిలుస్తుంది. రఘునాథ పండితుడికి ఆ సంగతి తెలుసు. అశోక్ చౌక్ రాతగాళ్ళకూ తెలుసు, ఆయన పేరు వాళ్ళలో చాలామంది విని ఉండకపోయినా.

మన వైపు చూస్తే, సి.పి. బ్రౌన్ ఉన్నాడు. కడప, మచిలీపట్నం, రాజమండ్రి కచేరీల్లో కొలువు చేసినవాడు, కోర్టుల్లో తీర్పులు చెప్పినవాడు. 1852లో తెలుగు–ఇంగ్లీషు నిఘంటువుతో పాటు జిల్లా డిక్షనరీ అని ఇంకోటి మద్రాసులో అచ్చు వేయించాడు. కచేరీ వ్యవహారంలో నలిగే మాటలకు అర్థాలు చెప్పే పుస్తకం అది. 1854లో తెలుగులో కలిసిపోయిన అన్యదేశ్యాలకు, మిశ్రభాషా పదాలకు విడిగా మరో నిఘంటువు చేశాడు. పండితులు ముట్టుకోని మాటలను, అర్జీల్లోనూ లెక్కల్లోనూ బతికే మాటలను ఏరి భద్రపరిచిన మనిషికి మనం ఎంత రుణపడి ఉన్నా తక్కువే.

అయితే జిల్లా డిక్షనరీ రోమన్ లిపిలో ఉంది. ఎందుకంటే అది బల్లకు అవతల కూర్చునే దొర కోసం. రఘునాథ పండితుడి కోశం కొలువులో ఉన్న కార్‌కూన్ల (గుమాస్తాల) కోసం. మహారాష్ట్ర ప్రభుత్వం 1960లో భాషా సంచాలనాలయం పెట్టి, 1973లో శాసన వ్యవహార కోశం తెచ్చింది. అది ప్రభుత్వ ఉద్యోగుల కోసం. మన దగ్గర 1966 అధికార భాషా చట్టం, 1974లో వావిలాల గోపాలకృష్ణయ్య అధ్యక్షతన ఏర్పడ్డ అధికార భాషా సంఘం కూడా ఫైళ్ళలో తెలుగు ఎలా రాయాలన్న దాని చుట్టూనే ఎక్కువగా తిరిగాయి. ఇవన్నీ కావలసినవే. కానీ బల్లకు ఇవతల నిలబడి చెమటలు కక్కే మనిషి కోసం, అర్జీదారుడి వైపు నుంచి కూర్చిన నిఘంటువు ఏది? నేను చూసినంతలో అది అశోక్ చౌక్ లాంటి చోట్ల నోటి మీదే ఉంది. ఆ పనితనం మీద నా గౌరవానికి కారణం అదే.

దీని లోపలి అల్లిక ఇంకా బాగుంటుంది. ప్రతి కచేరీ మాటకు కనీసం రెండు వేషాలు ఉంటాయి. కాగితం మీద శిధాపత్రికా అని ఉంటుంది, కిటికీ లోపలి మనిషి రేషన్ కార్డ్ అంటాడు. కాగితం మీద ముద్రాంక్, నోట్లో స్టాంప్. కాగితం మీద వైధతా ప్రమాణపత్ర, నోట్లో వ్యాలిడిటీ. కాగితం మీద జాత్ ప్రమాణపత్ర, నోట్లో దాఖలా. ఒక వేషమే తెలిసినవాడు చదవగలడు కానీ మాట్లాడలేడు, లేదా మాట్లాడగలడు కానీ ఫారం ముందు బిక్కమొహం వేస్తాడు. రాతగాళ్ళు ఎప్పుడూ రెండూ జంటగా చెబుతారు: ‘బోర్డు మీద ఇట్లుంటది, అడిగేటప్పుడు అట్లడుగు.’ ఏ అచ్చు నిఘంటువులోనూ నాకీ జంట ఇంత శ్రద్ధగా కనబడలేదు.

ఇక్కడే చరిత్ర చేసిన ఒక మేలు కూడా ఉంది. నిజాం రాజ్యం నుంచి వచ్చిన నేతగాడి నోట్లో అప్పటికే దరఖాస్తు, అర్జీ, దస్తావేజు, వారసుడు, వసూలు, నకలు, జామీను, తహశీల్దారు ఉన్నాయి. దక్కన్ సుల్తానుల నాటి నుంచి మరాఠీలోనూ అవే మాటలు చిన్న చిన్న మార్పులతో ఉన్నాయి. రఘునాథ పండితుడు తీసేద్దామనుకున్న పారసీ, అరబ్బీ మాటలే తెలుగువాడికి మరాఠీ కచేరీలోకి మొదటి మెట్టు అయ్యాయి. శతాబ్దాల తర్వాత కూడా ఆ మెట్టు గట్టిగానే ఉంది.

మోసం చేసే మాటలు సంస్కృతం నుంచి వచ్చినవి. చూడటానికి మన మాటే, కచేరీలో అర్థం వేరు. ఉత్పన్న అంటే మరాఠీలో ఆదాయం. శిక్షణ అంటే చదువు, కాబట్టి ఫారంలో ఆ గడి ఎదుట మగ్గం పని నేర్చుకున్న వివరం రాయకూడదు, ఎన్నో తరగతి పాసయ్యారో రాయాలి. ప్రకరణ్ అంటే పుస్తకంలో అధ్యాయం కాదు, మీ కేసు ఫైలు. అన్నిటికంటే భయపెట్టేది త్రుటి. మన తెలుగులో త్రుటి అంటే క్షణం. ‘త్రుటిలో తప్పింది’ అంటాం. పడతాళణీ సమితి నుంచి వచ్చే కాగితం మీద త్రుటీ అని ఉంటే ఫైలులో లోపం ఉందని అర్థం. మరాఠీ అక్షరాలు కూడబలుక్కుని చదివిన తల్లి, సమితి తన పిల్ల దరఖాస్తును క్షణంలో తోసేసిందేమో అనుకుంటుంది. రాతగాడు నెమ్మదిగా చెబుతాడు: ‘ఏం కాలే వదినా. ఒక కాయితం తక్కువైందట. ముదత్ ఏ తారీకు దాంక ఉందో సూద్దాం, ఆ లోపల పూర్తత ఇద్దాం.’ ముదత్ అంటే గడువు, పూర్తత అంటే లోపం సరిచేసి ఇవ్వడం. ఆ ఒక్క మాట దగ్గర మూడు మాటలు అప్పజెప్పేశాడు. ఆ తల్లి వాటిని ఇక మరచిపోదు.

ఈ పనితనం నిగ్గుతేలేది వంశావళ్ (వంశవృక్షం) దగ్గర. పద్మశాలీలు తెలంగాణలో బి.సి. బి వర్గంలో ఉన్నారు. మహారాష్ట్రలో అదే కులం విశేష మాగాస్ (ప్రత్యేక వెనుకబడిన) ప్రవర్గ్‌లో ఉంది, దానికి 2 శాతం రిజర్వేషన్. అందులోకి రావాలంటే కుటుంబం 1967 అక్టోబరు 13కు ముందే మహారాష్ట్రలో స్థిరపడినట్టు చూపాలి. కుల ధ్రువీకరణ సమితులకు బలం ఇచ్చింది 1994లో మాధురీ పాటిల్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు. తర్వాత మహారాష్ట్ర దీనికి ప్రత్యేకంగా 2000 నాటి చట్టం చేసుకుంది. రుజువు చేసే భారం అర్జీదారుడిదేనని ఆ చట్టం 8వ సెక్షన్ చెబుతుంది. అందుకే తాత మిల్లు గేటు దాటిన ఏడాది మనవరాలి కాలేజీ సీటుకు ముడిపడి ఉంటుంది.

నమూనా 3 అనే శపథపత్రంలో వంశవృక్షం గీయాలి. పైన ముత్తాత, కింద తాత, తాత అన్నదమ్ములు, వాళ్ళ సంతానం, కడపటికి అర్జీదారు. చూస్తే నాలుగు గీతలు, పది పేర్లు. మంచి రాతగాడు ఆ కాగితం మీద కలం పెట్టడానికి చాలాసేపు పడుతుంది. ముందు ఇంట్లో ఉన్న కాగితాలన్నీ నేలమీద తేదీల వరసన పరిపిస్తాడు. బడి రిజిస్టరు నుంచి తీసిన ప్రవేశ నిర్గమ ఉతారా, మిల్లు సర్వీసు కాగితం, జనన నోంద్, పాత రేషన్ కార్డు. అన్నిటికంటే పాత కాగితం మీద పేరు ఎలా ఉందో అది ఖాయం చేసుకుంటాడు. ఎందుకంటే దాన్ని ఇక ఎవరూ మార్చలేరు. సమితి ఎక్కువ విలువ ఇచ్చేది కూడా దానికే. మిగతా కాగితాల పేర్లన్నీ ఆ పేరుకు ముడివేయాలి. పడుగులో ఒక్క పోగు తెగితే బట్ట మీద పొడుగునా గాడి కనిపించినట్టు, తాత పేరులో తేడా మనవరాలి కాగితం దాకా కనిపిస్తుంది.

తేడాలు ఎక్కడ పుడతాయో చూడండి. దేవనాగరిలో ఎ, ఏ లకు ఒకటే గుర్తు, ఒ, ఓ లకు ఒకటే గుర్తు. కొండ అన్నా కోట అన్నా మొదటి అక్షరం ఒకేలా రాస్తారు. నరసయ్య మరాఠీలో చివర దీర్ఘం తెచ్చుకుని నరసయ్యా అవుతాడు. ఒక బడిలో నర్సయా, ఒక మిల్లులో నరసింహ, ఒక రేషన్ కార్డులో నరసప్పా. మన అలవాటు ఇంటిపేరు ముందు, మరాఠీ అలవాటు పేరు, తండ్రి పేరు, ఆ తర్వాత ఇంటిపేరు. ఈ రెండు అలవాట్ల మధ్య ఇంటిపేరు తండ్రి పేరు గడిలోకి జారిపోయి, అచ్చులో ఇంకో మనిషి పుడతాడు. కులం గడిలో ఒక కాగితం పద్మశాలీ అని, ఇంకొకటి సాళీ అని, మరొకటి తెలంగీ అని ఉంటే చిక్కు ఇంకా బిగుస్తుంది.

ఆడవాళ్ళ సంగతిలో చిక్కు రెట్టింపు. పెళ్ళయ్యాక మరాఠీ పద్ధతిలో తండ్రి పేరు చోట భర్త పేరు వస్తుంది, ఇంటిపేరు మారుతుంది. కులం మాత్రం పుట్టింటిది చూపాలి. అంటే కోడలి ఫైలులో సగం కాగితాలు ఒక పేరుతో, సగం ఇంకో పేరుతో ఉంటాయి. మధ్యలో వివాహ నోందణీ అనే ఒక్క కాగితం వంతెన. మంచి రాతగాళ్ళు ఫైలులో ఆ కాగితాన్ని సరిగ్గా రెండు సగాల మధ్యనే పెడతారు, చదివే అధికారి వేలు దాని మీదికి దానంతట అదే వెళ్ళేలా. పేరులో తేడా మరీ పెద్దదైతే మహారాష్ట్ర రాజపత్రంలో పేరు మార్పు వేయించమంటారు, చిన్నదైతే ‘ఈ రెండు పేర్లూ ఒకే వ్యక్తివి’ అని శపథపత్రం రాస్తారు. ఆ శపథపత్రంలో వాక్యాలు చూశాను. ఒక్క విశేషణం లేదు, ఒక్క మాట ఎక్కువ లేదు. పేరు, ఆ పేరున్న కాగితం, ఆ కాగితం తేదీ, అంతే. మన పత్రికల్లో రాసే మేమంతా నేర్చుకోవలసిన పొదుపు అది.

బీడీ కార్మికుల కథ వేరుగా చెప్పాలి. 1976 నాటి బీడీ కార్మికుల సంక్షేమ నిధి చట్టం కింద వాళ్ళకు గుర్తింపు కార్డు ఉండాలి. దాన్ని ఓళఖ్‌పత్ర్ అంటారు. పిల్లల స్కాలర్‌షిప్, ఆసుపత్రి, ఇల్లు అన్నీ దాని మీదే ఆధారపడి ఉంటాయి. షోలాపూర్ పక్కన కుంభారిలో గోదూతాయి పరుళేకర్ పేరుతో బీడీ చుట్టే ఆడవాళ్ళ సహకార సంఘం 10,000 ఇళ్ళు కట్టించుకుంది. ఆ పోరాటాన్ని నడిపిన ఆడం మాస్టర్, అంటే నరసయ్య ఆడం, ఈ తెలుగు పేటల మనిషే. 2006లో ప్రధాని మన్మోహన్ సింగ్ వచ్చి తాళాలు ఇచ్చారు. తర్వాత అక్కడే 30,000 ఇళ్ళ రేనగర్ మొదలైంది. అందులో 15,000 ఇళ్ళు 2024 జనవరి 19న ప్రధాని మోదీ చేతుల మీదుగా అందాయి. ఊరేగింపులు, సభలు అందరూ చూశారు. ప్రతి ఇంటి వెనకా ఒక అర్జ్, ఒక ఉత్పన్నాచా దాఖలా, ఒక రహివాసీ దాఖలా (నివాస పత్రం), బ్యాంకు కాగితాలు, సంతకమో వేలిముద్రో ఉన్నాయి. వేల కుటుంబాల ఫైళ్ళు. వాటిలో ఎన్ని ఎవరి చేతి మీదుగా సరిపడ్డాయో ఏ శిలాఫలకం మీదా ఉండదు.

పొట్ట చేతబట్టుకుని పరాయి నేలకు పోయిన ఎవరికైనా ఇదే దారి. స్పెయిన్‌లో కాపురం పెట్టినవాళ్ళు మొదట నేర్చుకునే మాటల్లో ఎంపద్రోనామియెంతో ఒకటి. ఉంటున్న ఊరి మునిసిపాలిటీలో నివాసం నమోదు చేయించుకోవడమన్నమాట. వైద్యం, బడి, పర్మిట్ అన్నిటికీ అదే మొదటి కాగితం. అశోక్ చౌక్ మనిషికి రహివాసీ దాఖలా ఎలాగో అలాగ. భాషా పుస్తకాలు ‘మీ పేరేమిటి, రైలు ఎప్పుడు’ అని మొదలుపెడతాయి. వలస వచ్చినవాడికి కావలసిన మొదటి పాఠం కిటికీ దగ్గర పాఠం.

సేవా కేంద్రాలు వచ్చాక, ఆపలే సర్కార్ అనే ప్రభుత్వ పోర్టల్ కంప్యూటర్లోకి వచ్చాక ఈ పని పోతుందని అనుకున్నారు. నా లెక్కలో పని పోలేదు, చోటు మారింది. ఇప్పుడు గడులు తెర మీద ఉన్నాయి, అక్షరం తప్పితే వెనక్కి తిప్పికొట్టే యంత్రం ఉంది. 2015 సేవా హక్కు చట్టం వచ్చాక దాఖలా ఎన్ని రోజుల్లో ఇవ్వాలో గడువు కూడా ఉంది. ఆ గడువు దాటితే అపీలు చేయవచ్చని అర్జీదారుకు చెప్పేది ఇప్పటికీ ఆ కేంద్రంలో కూర్చున్న పిల్లే. అపీల్ అన్న మాట ఇప్పుడు దాఖలా కట్టలో కొత్తగా చేరింది.

ఈ నిఘంటువుకు ఒక్కటే పెద్ద లోపం, అది నోటి మీదే ఉండటం. పాతవాళ్ళు పోతుంటే కట్టలు ఊడిపోతున్నాయి. ముఖ్యంగా ఒకప్పుడు మరాఠీ రాసిన మోడీ లిపిలో ఉన్న పాత నోందుల మాటలు, మిల్లు కాగితాల మాటలు తెలిసినవాళ్ళు తగ్గిపోతున్నారు. షోలాపూర్‌లో తెలుగు బడులు, సంఘాలు, గ్రంథాలయాలు నడిపే పెద్దలకు నా విన్నపం: ఈ మాటలను తెలుగు లిపిలో, అకారాది క్రమంలో కాకుండా పనుల వారీగా, కాగితం మాట ఒకవైపు, నోటి మాట ఒకవైపు పెట్టి ఒక చిన్న పుస్తకంగా అచ్చు వేయించండి. కూర్చగలిగినవాళ్ళు మీ వీధిలోనే ఉన్నారు. చదువుతున్న మీలో ఎవరి తాతయినా షోలాపూర్ బడిలో 1967 అక్టోబరు 13కు ముందు చదివి ఉంటే, ఆ బడి ఇంకా నడుస్తుండగానే వెళ్ళి ఉతారా తీయించుకోండి, పావతీ అడిగి తీసుకోండి.